ఇరుముడి ఇప్పిన పొద్దు

నేను ఐదో తరగతి దాక సదువుకున్న. గా సదువుతోని ఇంత పెద్దగ రాసుడు గిదే మొదలు. ఒక్క ముక్క రాసి మల్ల మొదటిసంది చదువుకుంట పోతున్న, పని సాగుతలేదు. మా దవాఖానల కొత్తగ చేరిన పిల్లలు యాడ కలిసినా, "ఆయక్కా, గా అంజన్న స్వామి ముచ్చట చెప్పు" అంటరు. నోటితోని చెప్తె ఒక్కోసారి ఒక్కో తీరుగ వస్తున్నది. గందుకే ఉన్నదున్నట్టు రాసి పెడ్తున్న. తప్పులుంటె మీరే సక్కగ చేసుకోని చదువుకోన్రి.

నాది ఆయా నౌకరి. బొగ్గు బాయిల కాలనీల చిన్న దవాఖాన మాది. ఒక డాక్టరు, ఒక సిస్టరు, ఒక కంపౌండరు, నేను. మంచాలు తుడుసుడు, కక్కినయి ఎత్తుడు, సూది ఇచ్చేటప్పుడు పిల్లల చేతులు వట్టుకునుడు, ముసలోళ్లను పాయిఖానకు తోలుకపోవుడు, ఇదే నా పని. సిస్టరమ్మ కేరళ నుంచి వచ్చిన మనిషి. పెండ్లి కాకముందు వచ్చింది, ఇక్కన్నే పాతుకపోయింది. కొత్తల తెలుగు రాక సైగలు చేసేదట. నేను చేరేనాటికి మాత్రం మమ్ముల మా భాషలనే తిట్టేది.

మా కాలనీల దమ్ము, అంటె ఆయాసం రోగం, లేని ఇల్లు తక్కువ. బాయిల దుమ్ము, ఇంట్ల పొయ్యి పొగ, మీదికెళ్లి బీడీలు. దమ్ము పేషంటు వచ్చిండంటె మా కాడ పని ఒక్క తీరుగుండేది. కుర్చీల కూసోవెట్టాలె, సూది ఇయ్యాలె, గోలీలు చేతుల పెట్టాలె, ఇంటికి పంపాలె. పేషంటు గడపల కనవడంగనే కంపౌండరన్న సూదిల మందు గుంజుతుండేటోడు. ఎవ్వలు చెప్పే పని లేకుండె. గా సూదిల ఉండేదీ గోలీలల్ల ఉండేదీ ఒకటే జాతి మందని నాకు చానొద్దులదాక తెల్వదు.

గా స్వామి సంగతి చెప్త. ఆయిన మా కాలనీల మనిషే, కోల్ ఫిల్లరు. అంటె బాయిల పేల్చిన బొగ్గును తట్టలకెత్తి డబ్బాల నింపేటోడు. పెయ్యి ఇనుము లెక్క ఉండేది గని ఊపిరి సక్కగ ఆడకపోయేది. రాత్రి పూట పిల్లికూతలు పక్కింటికి ఇనవడేటియి. ఆయిన పెండ్లాం బీడీలు చేస్తది. చాటల ఆకు, తంబాకు పెట్టుకోని పొద్దందాక చేస్తనే ఉంటది. ఈయిన ఆమె చేసిన చాటలకెళ్లే తీసుకోని తాగుతుండె.

"నేను కంపెనీకి చేస్తున్ననా, నీకు చేస్తున్ననా" అని ఆమె ఒర్లేది.

"కంపెనీ కంటె ముందుగల్ల నేను మంచియా కావా అని చూస్తున్న" అనేటోడు ఆయిన.

గట్లాంటి మనిషి ఒక ఎండకాలం హనుమాన్ దీక్ష పట్టి అంజన్న మాల వేసుకున్నడు. కాషాయం బట్టలు, కాళ్లకు చెప్పుల్లేవు, పొద్దు పొడవకముందే తానం, నోట్లె బీడీ లేదు. కాలనీ అంత నోరెళ్లవెట్టింది. ఆయిన పెండ్లామైతె నాతోని, "అక్కా, చాటల బీడీలు చేసినయి చేసినట్టే ఉంటున్నయి, నాకే నమ్మబుద్ధి అయితలేదు" అని నవ్వింది.

మాల వేసుకున్నోళ్లందరు ఒక్క దగ్గర ఉంటుండిరి. గుడి పక్కపొంటి తడకలు కట్టుకున్నరు. గుడికీ మా దవాఖానకూ నడుమ ఒక్క గోడ. వాళ్లకు గురుస్వామి బాయిల సర్దారు, కూలోళ్ల మీద పెద్ద. బాయిల ఎట్ల గద్దిస్తడో మాలలో కూడ అట్లనే గద్దించేటోడు. కొండగట్టు అంజన్న గుడి దాక నడిచి పోవాల్నని మొదలే చెప్పిండు. దమ్మున్నోళ్లు, షుగరున్నోళ్లు బస్సుల రావాలె, తొవ్వల పడిపోతె ఎవ్వలు మోస్తరు అన్నడు.

"నాకు దమ్ము పోయింది స్వామీ. బీడీ బంద్ చేసిన గద" అన్నడంట ఈయిన.

దమ్ము పోలేదు. పొద్దు పొద్దుగాల సల్లనీళ్ల తానం, మూడు పూటల సాంబ్రాణి పొగ, కర్పూరం. అసలే ఊపిరాడని మనిషి. ఎవ్వలకు ఎరుక కాకుండ గోలీలు మింగుడు మొదలువెట్టిండు. మా దవాఖాన గోలీలు ఉండనే ఉన్నయి. అవ్వి సాలయని బజార్ల ఆరెంపీ డాక్టరు కాడ ఇంకో తీరు గోలీలు తెచ్చుకున్నడు. గీ సంగతి పెండ్లానికి కూడ తెల్వదు.

నడక మొదలువెట్టే రోజు వచ్చింది. ఆ రోజు ఇరుముడి కడ్తరు. తెల్వనోళ్లకు చెప్తున్న, ఇరుముడంటె ఒకటే బట్టల రెండు మూటలు. ముందటి మూటల కొబ్బరికాయ, బియ్యం, దేవునియి. ఎనుక మూటల తువ్వాల, అటుకులు, మనిషియి. గురుస్వామే కట్టి నెత్తి మీద పెడ్తడు. పెట్టినంక కొండ మీదనే ఇప్పాలె, నడుమల ఇప్పితె దీక్ష మొత్తం పోయినట్టే అంటరు.

పగటి పూట భిక్ష అన్నానికి కాలనీ ఓళ్లందరిని పిలిచిన్రు. నేను సిస్టరమ్మకు చెప్పి పోయిన. నేను పోయేసరికే ఈయిన షామియాన ఎనుక కక్కుతుండు. "ఉపాసం పిత్తం" అన్నరు ఎవ్వలో. కక్కి వచ్చి భజనల కూసున్నడు. కట్టిన ఇరుముడి పక్కకు పెట్టి ఉన్నది. డోలు ఎక్కువైంది. చూస్తుంటె ఆయిన చేతులు వణుకుడు షురూ అయింది, ముందుగల్ల వేళ్లు, తర్వాత మోచేతుల దాక. కండ్లు పెద్దగ చేసి అటిటు చూస్తుండు. కూసోబుద్ధి అయితలేదు, లేస్తుండు, మల్ల కూసుంటుండు. చెమట కారుడే కారుడు.

"అంజన్న వచ్చిండు" అన్నడు ఒక స్వామి.

గంతే. డోలోడు ఇంకింత గట్టిగ కొట్టిండు. ఆడోళ్లు బిందెలతోని నీళ్లు తెచ్చి కాళ్ల మీద పోసిన్రు. ఒకామె నిమ్మకాయ తెచ్చింది. మా దిక్కు శిగం వస్తె గిట్లనే చేస్తరు, దేవుడు మనిషి మీదికి వచ్చి మాట్లాడ్తడని నమ్మకం. నేను కూడ పని బట్టల మీదనే కొంగు నెత్తి మీద కప్పుకోని దండం పెట్టిన. అందరు పెట్టిన్రు.

"సామీ, మా చిన్నోనికి బాయిల నౌకరి అయితదా?" అని అడిగింది ఒక ముసలవ్వ.

"గుండె కొట్టుకుంటున్నది" అన్నడు ఆయిన. "జర నీళ్లియ్యున్రి."

"చెప్తలేడు, కోపం మీద ఉన్నడు" అన్నది అవ్వ.

ఆయిన పెండ్లాం నా పక్కకే ఉన్నది. ఆమె దండం పెడ్తలేదు. "అక్కా, ఈయినకు ఎన్నడు శిగం రాలే. వీళ్ల బాపుకు కూడ రాలే. గీ చూపు నాకు భయమైతున్నది" అన్నది.

నేను భిక్షకు పోయి మర్లి వస్తలేనని సిస్టరమ్మే ఎతుక్కుంట వచ్చింది. నన్ను తిట్టనీకె నోరు తెరిచి, ఆయిన్ని చూసి ఆగింది. మందిని జరుపుకుంట పోయి కింద కూసున్నది.

గురుస్వామి అడ్డం వచ్చిండు. "సిస్టరమ్మా, ముట్టొద్దు. దేవుడున్నడు."

"ఉండనియ్యున్రి స్వామీ. దేవుడున్నా నాడి చూడొచ్చు" అన్నది. చెయ్యి వట్టుకున్నది. గడియారం దిక్కు చూసింది. మల్ల ఒకసారి చూసింది. మొఖం మారింది. "డోలు బంద్ చెయ్యున్రి. ఎంతసేపయింది గిట్ల?"

"పొద్దుగాల సంది కక్కుతనే ఉన్నడు" అన్నది పెండ్లాం.

"శిగం వచ్చినోడు ఊగుతడు, దిగినంక సల్లవడ్తడు. ఈయిన కూసోవెట్టినా వణుకుతనే ఉన్నడు. నాడి ఉరుకుతున్నది, నడుమల నడుమల తప్పుతున్నది. ఆయమ్మా, కాళ్లు వట్టు. దవాఖానకు తీసుకపోవుదాం."

గురుస్వామికి ఇష్టం లేదు. మాలలో ఉన్నోడు దవాఖాన గడప తొక్కితె మైల అంటడు. సిస్టరమ్మ వాదులాడలే. నన్ను, ఇద్దరు చిన్న వయసు స్వాములను చూసి చేతితోని సైగ చేసింది. గా ఇద్దరు ఒకరి మొఖం ఒకరు చూసుకోని ఆయిన్ని లేపిన్రు. మేము ముందు, గురుస్వామి ఇరుముడి నెత్తి మీద పెట్టుకోని మా ఎనుక. తీసుకపోవద్దన్నోడే ఎంబడే వచ్చిండు.

డాక్టరు సారు చిన్న వయసాయిన, కొత్తగ వచ్చిండు. ముందుగల్ల వడదెబ్బ అనుకున్నడు. ఆ ఎండల ఎవ్వలైనా గదే అనుకుంటరు. పెయ్యి చూస్తె కాలుతలేదు. సెలైన్ పెట్టిన్రు. గుండె మీద గొట్టం పెట్టి ఇన్నడు. "పిల్లికూతలున్నయి. దమ్మున్నదా?"

"ఉండె సారూ. పోయిందంటుండు" అన్నది పెండ్లాం.

దమ్మనే మాట ఇనవడంగనే కంపౌండరన్న అలవాటు ప్రకారం సూది నింపుకోని వచ్చిండు. దాంట్ల ఆయిన తప్పు లేదు, మా కాడ పని నడిచే తీరే గది. సారు చెయ్యి చాపిండు.

"సార్, జర ఆగున్రి" అన్నది సిస్టరమ్మ. "వణుకుడు, కక్కుడు, నాడి గింత జోరుగ. గోలీలు ఎక్కువ మింగిండేమో అని నా అనుమానం. గట్లయితె గీ సూది గూడ గా మందే. ఏం మింగిండో చూసి ఇద్దాం."

సారు చాపిన చెయ్యి ఎనుకకు తీసుకున్నడు. "ఏం గోలీలు వేసుకున్నవ్?" అని ఆయిన్ని అడిగిండు. ఆయిన గురుస్వామి దిక్కు చూసి, "ఏం లేవు సారూ" అన్నడు. పండ్లు కట కట కొట్టుకుంటున్నయి, అయినా లేవన్నడు.

"ఇంట్ల ఉన్నయా?" సారు పెండ్లాన్ని అడిగిండు.

"నెల సంది ఇంటికి రాలే సారూ, గుడి కాన్నే పంటుండు. ఆయిన సామానంత గా మూటల్నే ఉన్నది."

అందరం ఇరుముడి దిక్కు చూసినం. గురుస్వామి దాన్ని రెండు చేతుల్తోని వట్టుకున్నడు.

"గిది ఇప్పరాదు" అన్నడు.

సారుకు గీ సంగతులు తెల్వయి. "ఎందుకు ఇప్పరాదు?" అన్నడు. కొండ మీదనే ఇప్పాల్నన్నడు గురుస్వామి. కంపౌండరన్న సూది వట్టుకోని అట్లనే నిలవడ్డడు. ఇయ్యాల్నో వద్దో ఆయినకు సమజ్ అయితలేదు. మంచం మీద స్వామి ఊపిరి గుంజుకుంటుండు. సూది ఇయ్యకపోతె దమ్ముతోని పోతడేమో, ఇస్తె మందుతోని పోతడేమో. గా మూటల ఏమున్నదో చూస్తె తప్ప తెల్వదు.

పెండ్లాం గురుస్వామి ముందటికి వచ్చింది. ఒర్లలే, ఏడ్వలే. "స్వామీ, మీరు కట్టిన్రు, మీరే ఇప్పున్రి. నేను ఇప్పుతె రేపు ఏదన్న అయితె నా మీదికి వస్తది. మీరు ఇప్పుతె దేవునితోని మీరు మాట్లాడుకుంటరు. మనిషి ఉంటెనే గద కొండకు పోయేది."

"దమ్ము లేదని నాతోని ఒట్టు పెట్టిండు" అన్నడు గురుస్వామి.

"నాతోని గిట్లాంటి ఒట్లు మస్తు పెట్టిండు. నేను పెండ్లాన్ని, నాకు అలవాటైంది. మీరు గిప్పుడు అలవాటు చేసుకోన్రి."

గురుస్వామి కింద కూసున్నడు. తువ్వాల పరిచి దాని మీద మూట పెట్టిండు. ఏదో చదువుకున్నడు పెదవులల్లనే. ముడి గట్టిగ ఉండె, వేళ్లకు రాకపోతె పండ్లతోని గుంజిండు. ముందటి మూటను చెయ్యి తగలనియ్యకుండ పక్కకు వొత్తి పెట్టి ఎనుక మూట ఇప్పిండు. తువ్వాల. అటుకులు. తువ్వాల మడతల గోలీల పట్టీలు, రెండు తీర్లయి. చానామట్టుకు ఖాళీ.

సారు వాటిని లైటు కింద పెట్టి చదివిండు. "పేర్లు వేరే, లోపట మందు ఒకటే" అన్నడు. థియోఫిలిన్ అన్నడు, గా పేరు మొన్న సిస్టరమ్మకు ఫోన్ చేసి అడిగి రాస్తున్న. కంపౌండరన్న సూదిని తీసుకపోయి పారవోసిండు. తిరిగొచ్చి గోడకు ఆనుకోని నిలవడ్డడు. ఆయిన మొఖం చూడబుద్ధి కాలే నాకు.

సారు కరీంనగర్ల ఉన్న తన పెద్ద సారుకు ఫోన్ చేసిండు. మాట్లాడుకుంటనే నడుమల మమ్ముల అడుగుతుండు. "ఆయిన బీడీ తాగుతడా?"

"తాగేది. మాల వేసుకున్నప్పటిసంది బంద్" అన్నది పెండ్లాం. గా మాట చెప్పేటప్పుడు కూడ ఆమెకు జర గర్వం ఉండె.

సారు గదే ఫోన్ల చెప్పిండు. ఇని తల పట్టుకున్నడు. ఫోన్ పెట్టినంక మాకు చెప్పిండు. బీడీ పొగ తాగే మనిషి పెయ్యి గా మందును జల్ది ఖర్సు చేస్తదట. అందుకే తాగేటోళ్లకు ఎక్కువ గోలీలు పడ్తయట. బీడీ బంద్ చేస్తె పెయ్యి మెల్లగ ఖర్సు చేస్తది, ఎప్పటి లెక్కనే మింగినా మందు రక్తంల నిలిచిపోతది. ఈయిన బీడీ బంద్ చేసిండు, గోలీలు పెంచిండు. రెండూ ఒక్కసారే.

"అంటె బీడీ బంద్ చేసుడు తప్పయిందా సారూ?" అన్నది ఆమె.

"తప్పు కాదమ్మా. బంద్ చేసిన అని మాతోని చెప్తె గోలీలు తగ్గిద్దుము. గంతే" అన్నడు.

పెద్ద దవాఖానకు పంపాల్నన్నడు. ఆడ బొగ్గు పొడి తాపిస్తరు, కడుపుల మిగిలిన మందును అది గుంజుకుంటది అన్నడు. మెల్లగ కరిగే గోలీలంట, గంటల గంటలు లోపటికెళ్లి మందు వస్తనే ఉంటదంట.

బొగ్గు మాట ఇనంగనే గా చిన్న వయసు స్వాములల్ల ఒకడు లేచిండు. "బొగ్గుకు పెద్ద దవాఖాన ఎందుకు సారూ, మన బాయికాడ గుట్టలు గుట్టలు ఉన్నది. ఓ తట్ట తెస్త."

సారు అంత పరేషాన్ల కూడ నవ్విండు. "అది పొయ్యిల పెట్టేది స్వామీ. గిది మందు బొగ్గు, వేరే."

బండిల సిస్టరమ్మ, నేను, పెండ్లాం, ముందల డ్రైవరు పక్కకు గురుస్వామి. సగం తొవ్వల ఆయినకు ఫిట్స్ వచ్చినయి. పెయ్యంత కట్టె లెక్క అయింది. మొఖం ఒక పక్కకు తిప్పి వట్టుకోమన్నది సిస్టరమ్మ, వట్టుకున్న. నోట్లె ఏం పెట్టొద్దన్నది. కొందరు తాళంచెవులు చేతుల పెడ్తరు, గది కూడ వద్దన్నది. సెలైన్ల సూది ఇచ్చింది. జరసేపటికి పెయ్యి మెత్తగయింది. పెండ్లాం కొంగుతోని ఆయిన మొఖం తుడుసుడు ఆపలే.

పెద్ద దవాఖానల ముక్కుల గొట్టమేసి నల్లనీళ్లు పంపిన్రు. గుండె మిషన్ పెట్టిన్రు. అయినా నాడి తగ్గలే. కరీంనగర్ తోలిన్రు, ఆడ రక్తం కడిగే మిషన్ మీద పెట్టిన్రు. నేను మా దవాఖానకు వాపస్ వచ్చిన. గుడి కాడ అందరు నడక మొదలువెట్టకుండ కూసోని ఉన్నరు. గురుస్వామి ఫోన్ చేసి మీరు పోన్రి అన్నంక లేచి పోయిన్రు. గురుస్వామి తను మాత్రం పోలేదు. కరీంనగర్ దవాఖాన బయట ఎండల, చెప్పుల్లేకుండ, లోపలున్న పేషంటు కబురు వచ్చేదాక ఉన్నడు. అంజన్న కొండకు ఆ ఏడు పోనేలేదు.

మా స్వామి బతికిండు. రక్తం కడిగినంక తెలివికి వచ్చి మొదలడిగిన మాట, "నేను శిగమూగిన్నా?" అని.

"ఊగినవ్" అన్నదంట పెండ్లాం. "ముసలవ్వ తన కొడుకు నౌకరి అడిగితె జవాబు చెప్పలే నువ్వు. కాలనీకి పో, నీ పని చెప్తది."

గోలీలు మార్చిన్రు. నోట్లె పెట్టుకోని పీల్చే మందు ఇచ్చిన్రు. బీడీ మల్ల తాగలే. పెండ్లాం ఇప్పటికీ బీడీలు చేస్తది, చాట పక్కన ఈయిన కూసోని ఆకు కత్తిరిస్తుంటడు.

ఇది రాసుడు ఎందుకంటె, కొత్త పిల్లలకు ఒక్క సంగతి చెప్పాల్నని. దమ్ము మనిషి వణుక్కుంట, కక్కుకుంట వస్తె మీరు దండం పెట్టొద్దు, మందు మీరు ఇయ్యొద్దు. సిస్టరును పిలువున్రి, మూటల ఉన్నయన్ని తెచ్చి ముందల పెట్టున్రి. ఏం మింగినవ్ అని అందరు అడుగుతరు. ఏం బంద్ చేసినవ్ అని కూడ అడగున్రి. మా కాడ గప్పటిసంది గది అడుగుతనే ఉన్నరు. కంపౌండరన్న అయితె రిటైరయ్యేదాక పట్టీలు చూడనిది సూది ముట్టలే.

మరుసటేడు మల్ల ఎండకాలం వచ్చింది. మల్ల మాలలు. ఈసారి మాల వేసుకున్న తెల్లారే గురుస్వామి స్వాములందరిని తోలుకోని దవాఖానకు వచ్చిండు. ఎవ్వల గోలీలు వాళ్ల చేతుల వట్టుకోని లైన్ల నిలవడ్డరు. మైల మాట ఎవ్వలు ఎత్తలే. కిందటేడు పడిపోయినాయిన కూడ వచ్చిండు, మాల లేదు, ఊకెనే వచ్చి బెంచీ మీద కూసోని, "నేను కక్కింది గక్కన్నే స్వామీ, జర జరిగి నిలవడున్రి" అని పరాచకాలాడుతుండు.

సిస్టరమ్మ ఒక్కొక్కరిని అడుగుతున్నది. ఏం మింగుతున్నవ్, ఏం బంద్ చేసినవ్. లైను అయిపోయింది. స్వాములు బయటికి పోయిన్రు. గురుస్వామి మాత్రం పోతలేడు. తలుపు కాడ నిలవడి, వాళ్లు దూరం పోయేదాక చూసిండు. తర్వాత లోపటికి వచ్చి నడుముకు చెక్కుకున్న గుడ్డ ఇప్పిండు, లోపట దమ్ము గోలీల పట్టీలు.

"సిస్టరమ్మా, నాయి కూడ చూడు" అన్నడు. "నేను కూడ నిన్ననే బీడీ బంద్ చేసిన."